కొత్త మోడలింగ్ భాషకు పార్సర్ రాసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

వ్యవస్థల నమూనాలను (మోడళ్లను) రాసే భాషే మోడలింగ్ భాష; అందులో రాసిన ఫైలును చదివి, వ్యాకరణ నియమాల ప్రకారం దాని నిర్మాణాన్ని గుర్తించే ప్రోగ్రామే పార్సర్. ఆ నియమాల జోలికి వెళ్లేముందే ఆ భాషలో పది పదిహేను నమూనా ఫైళ్లను చేత్తో రాసి, రేపు దాన్ని వాడబోయే వారితో చదివించండి. వాటిలో తప్పుగా రాసినవీ కొన్ని ఉండాలి, ఎందుకంటే దేన్ని తిరస్కరించాలో ముందే తేల్చుకోని పార్సర్ అడ్డమైనదాన్నీ అంగీకరించేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించవలసింది సందిగ్ధతకే. 10 - 4 - 3 అన్నదాన్ని ఎడమ నుంచి లెక్కిస్తే 3, కుడి నుంచి లెక్కిస్తే 9 వస్తుంది గనుక ప్రతి ఆపరేటర్‌కూ ప్రాధాన్యాన్నీ దిశనూ పట్టికగా రాసిపెట్టుకోండి. తర్వాతి మాటను చదవాలా (షిఫ్ట్), చదివినవాటిని ఒక నియమం కిందికి కుదించాలా (రెడ్యూస్) అన్నది తేలని షిఫ్ట్-రెడ్యూస్ ఘర్షణ ఎదురైనప్పుడు, వ్యాకరణం నుంచి పార్సర్‌ను తయారుచేసే సాధనమైన బైసన్ ఒక హెచ్చరిక చూపి, తనంతట తానే షిఫ్ట్‌ను ఎంచుకుని పార్సర్‌ను తయారుచేసి ఇస్తుంది; పని జరిగిపోతోంది కదా అని ఆ హెచ్చరికను వదిలేయకండి. అలాంటిదే మరో సాధనమైన యాంట్లర్ 4 ప్రత్యక్ష లెఫ్ట్ రికర్షన్‌ను, అంటే ఒక నియమం నేరుగా తనతోనే మొదలవడాన్ని, అంగీకరిస్తుంది గానీ, రెండు మూడు నియమాల మీదుగా చుట్టి వచ్చేదాన్ని అంగీకరించదు.

కీవర్డ్‌లను, అంటే భాష తన కోసం కేటాయించుకునే మాటలను, పొదుపుగా ఎంచుకోండి. స్టేట్, టైప్, పోర్ట్ వంటి మాటలనే వినియోగదారులు తమ మోడల్‌లో పేర్లుగా పెట్టుకోవాలనుకుంటారు కాబట్టి, వాటిని కొటేషన్లలో పెట్టి వాడుకునే దారి ఉంచాలి.

మోడల్‌లో ముందు ప్రస్తావించిన అంశానికి నిర్వచనం చాలా కింద ఉండవచ్చు. అందువల్ల పేర్లను జతపరిచే పనిని పార్సింగ్ పూర్తయ్యాక వేరే దశలో చేయండి.

పార్సర్ కట్టే చెట్టులోని ప్రతి నోడ్‌లోనూ (అంశంలోనూ) ఫైలులో దాని వరుస, నిలువు సంఖ్యలను భద్రపరచండి. అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో ఒక్క 'అ' 3 బైట్లు తీసుకుంటుంది, కాబట్టి బైట్లను లెక్కించే పార్సర్ తెలుగు వ్యాఖ్య ఉన్న వరుసలో దోషాన్ని తప్పు చోట చూపిస్తుంది.

ఫైలు మొదటి వరుసలోనే భాష వెర్షన్ సంఖ్యను తప్పనిసరి చేయండి.