ఓపెన్ పది కట్టారా? పద సమస్యలకు ఇలా కూర్చోండి

గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా చేస్తూ, నలభై దాటాక ఓపెన్ స్కూల్లో పది కట్టినవాణ్ణి. మా బ్యాచ్‌లో మిషన్ కుట్టే అక్కలు, ఆటో తోలే తమ్ముళ్లు ఉండేవాళ్లు. సమీకరణం ఇస్తే చకచకా చేసేవాళ్లే, అదే లెక్క నాలుగు వాక్యాల్లో, అంటే పద సమస్యగా ఇస్తే టెన్షన్ పడిపోయేవాళ్లు. నిజానికి అవి మనం రోజూ నోటితో కట్టే లెక్కలే.

ఇది చూడండి. తేజ రకం మిర్చి టిక్కీ (బస్తా) 6,000 రూపాయలు, ఇంకో రకం 5,000. రెండూ కలిపి 30 టిక్కీలు అమ్మితే 1,62,000 వచ్చింది. ఏ రకం ఎన్ని?

కాటా దగ్గర అడిగితే ఎలా చెబుతాం? 30 టిక్కీలూ 5,000 సరుకే అనుకుంటే లక్షా యాభై వేలు. పైన 12,000 వచ్చింది. తేజకి టిక్కీకి వెయ్యి ఎక్కువ కాబట్టి తేజ 12, రెండోది 18. అంతే.

ఇప్పుడు కాగితం తీయండి. ముందు చివరి వాక్యం చదవండి, అడిగింది అక్కడే ఉంటుంది. 'ఎక్స్ = తేజ' అని వదిలేయొద్దు. తేజ బరువా, ధరా? 'ఎక్స్ = తేజ టిక్కీల సంఖ్య, వై = రెండో రకం టిక్కీల సంఖ్య' అని పూర్తిగా రాయండి. నన్నడిగితే సగం లెక్క ఈ వరుసలోనే ఉంది.

మొదటి సమీకరణం ఎక్స్ + వై = 30. రెండో సమీకరణం 6,000 ఎక్స్ + 5,000 వై = 1,62,000. మొదటిదాన్ని 5,000తో గుణిస్తే 5,000 ఎక్స్ + 5,000 వై = 1,50,000 వస్తుంది, మనం నోటితో అనుకున్న లక్షా యాభై వేలు అదే. దాన్ని రెండో సమీకరణంలోంచి తీసేస్తే 1,000 ఎక్స్ = 12,000, అంటే ఎక్స్ = 12. పుస్తకంలో తొలగించే పద్ధతి అంటే ఇదే. నోటితో జవాబు చెప్పేసి ఊరుకుంటే కుదరదు, సోపానాలకూ మార్కులుంటాయి.

'తండ్రి వయసు కొడుకు వయసుకు 3 రెట్ల కన్నా 5 తక్కువ' లాంటివి కనబడగానే చాలామంది ఆ 5ని తండ్రి వయసులోంచి తీసేస్తారు. తీయాల్సింది కొడుకు వయసు 3 రెట్లలోంచి. కొడుక్కి 15 అనుకోండి. 3 రెట్లు 45, తండ్రికి 40. ఆ 15 చోట ఎక్స్ పెడితే తండ్రి వయసు 3 ఎక్స్ − 5.

జవాబు వచ్చాక మీరు రాసిన సమీకరణంలో కాదు, ప్రశ్నలోనే పెట్టి సరిచూడండి. సమీకరణమే తప్పయితే అందులో సరిపోయి ఏం లాభం?

కాలం, దూరం లెక్కల్లో రూపాయలు పైసల అలవాటు కొంప ముంచుతుంది. గుంటూరు నుంచి బెజవాడకు 36 కిలోమీటర్లు, బస్సు 45 నిమిషాల్లో వెళ్లిందని ఇస్తే, 45 నిమిషాలను 0.45 గంట అని రాసేస్తారు. వేగం గంటకు 80 వస్తుంది. మన బస్సు, ఆ ట్రాఫిక్‌లో, సగటున 80! 45ని 60తో భాగిస్తే 0.75 గంట, వేగం 48. ఇలాంటి వింత జవాబు వచ్చిందంటే లెక్క మొత్తం కొట్టేయకండి, ముందు నిమిషాల దగ్గర చూడండి.