బంగారం మీద పొర కుదరకపోతే

విజయనగరంలో మా కాలేజీ ల్యాబులో బంగారు ఎలక్ట్రోడు మీద డోడెకేన్‌థయాల్ అనే గంధక రసాయనంతో పొర వేస్తున్నాను. అణువు చివరి గంధకం బంగారాన్ని పట్టుకుంటుంది, 12 కార్బన్ల తోక బయటికి నిలబడుతుంది. వరినారులా ఒత్తుగా లేస్తే పరీక్ష కోసం ద్రావణంలో కలిపిన ఫెర్రిసయనైడ్ అయాన్లు లోహం దాకా రాలేవు, వోల్టామెట్రీ (వోల్టేజీ మారుస్తూ కరెంటు కొలిచే పద్ధతి) గీత దాదాపు చదునైపోవాలి.

నాకు మాత్రం ఆ అయాన్లు లోహాన్ని చేరితే గీతలో వచ్చే రెండు శిఖరాలూ కనిపిస్తూనే ఉన్నాయి, కాస్త పొట్టిగా, ఎడంగా. పొరకు చిల్లులున్నాయన్నమాట! థయాల్ సీసా కొత్తదే. భూతద్దంలో చూస్తే ఎలక్ట్రోడు అంచున తెల్లటి పొడి: పాలిష్ చెయ్యడానికి వాడిన 0.05 మైక్రాన్ అల్యూమినా పొడి మిగిలిపోయింది.

ముందు నీళ్లలో, తర్వాత ఇథనాల్‌లో సోనికేట్ చేశాను, అంటే అల్ట్రాసౌండ్‌తో కదిపి కడిగాను. ఆపైన 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, గీతలు ఒకదానిమీద ఒకటి పడేదాకా వోల్టేజీని మళ్లీ మళ్లీ స్కాన్ చేశాను. అసలు కిటుకు ఆ తర్వాతే. శుభ్రమైన బంగారానికి గాల్లో నిమిషాల్లోనే సేంద్రియ మురికి అంటుతుంది. అందుకే ఆరబెట్టకుండా, నీళ్లతో, ఇథనాల్‌తో కడిగి, తడిగానే 1 మిల్లీమోలార్ థయాల్ ద్రావణంలో ముంచి రాత్రంతా మూతపెట్టి ఉంచాను. పొద్దున శిఖరాలు పోయాయి.

వాసన మాత్రం భరించలేం. "ఏటి మేడం, గ్యాస్ లీకవుతోందేటి?" అని అటెండర్ పరిగెత్తుకొచ్చాడు. సిలిండర్‌లో వాసన కోసం కలిపేదీ ఈ జాతి రసాయనమే మరి. వాడిన గాజుసామాన్ని బ్లీచ్ నీళ్లలో నానబెడితే కంపు పోతుంది. ఆమ్లం తగిలిన వాటిని మాత్రం అందులో వెయ్యకండి, క్లోరిన్ వస్తుంది.