బస్సు మాట్లాడేముందు డ్రైవర్ నిద్ర సంగతి తేల్చుకోండి

2025 డిసెంబర్ 12న తెల్లవారుజామున చింతూరు–మారేడుమిల్లి ఘాట్‌లో చిత్తూరు జిల్లా యాత్రికుల బస్సు పడిపోయి తొమ్మిది మంది చనిపోయారు. భద్రాచలం చూసుకుని అన్నవరం వెళ్తున్నారు. 2022 మార్చిలో నిశ్చితార్థానికి తిరుపతి వెళ్తున్న ధర్మవరం వాళ్ల బస్సు భాకరాపేట ఘాట్‌లో పడింది. 2021 ఫిబ్రవరిలో అరకు చూసి తిరిగొస్తున్న హైదరాబాద్ కుటుంబం బస్సు డముకు దగ్గర లోయలోకి పోయింది. కారణాలు వేరువేరు కావచ్చు. మూడూ ఘాట్ రోడ్లే, మూడూ చీకటివేళే.

మళ్లీ సెలవులొస్తున్నాయి. బామ్మ మొదలు చంటిపిల్లల దాకా నలభై మంది కలిసి బస్సు మాట్లాడుకునే రోజులు. చిరుతిళ్లు, వాంతి కవర్లు, గొడుగులు మీకు నేను చెప్పక్కర్లేదు. అడగాల్సింది అడగరు: డ్రైవర్ ఎప్పుడు పడుకుంటాడు?

ప్రోగ్రాం వేసేటప్పుడు

మనవాళ్లు వేసే అరుణాచలం ప్రోగ్రాం చూడండి. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో బయలుదేరడం. శనివారం కాణిపాకం, శ్రీపురం. ఆ రాత్రి 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ. ఆదివారం దర్శనం, షాపింగ్, రాత్రికి తిరుగు ప్రయాణం. సోమవారం ఆఫీసు. రాత్రి బస్సులోనే పడుకుంటాం కాబట్టి రూమ్ డబ్బులు మిగిలాయని బాబాయి మురిసిపోతాడు. మనం దర్శనానికి వెళ్లినప్పుడు డ్రైవర్ పడుకుంటాడులే అనుకుంటారు. ఎక్కడ పడుకుంటాడు? ఇంజన్ ఆపితే ఏసీ ఉండదు, ఎండకి బస్సు కాగిపోతుంది. పార్కింగ్ వాళ్లు బండి తీయమంటారు. పెద్దత్తయ్య సంచి మర్చిపోయి తలుపు కొడుతుంది. అలా ముక్కలుముక్కలుగా రెండు గంటలు కునుకు తీసి మళ్లీ రాత్రికి స్టీరింగ్ పట్టుకుంటాడు. మొదటి రాత్రి ఎలాగో గడుస్తుంది. తిరుగు ప్రయాణం రాత్రే భయం.

రూమ్ డబ్బులు మిగిలించుకోవడానికి రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. నేను చూసినంతలో కుటుంబాల్ని ముంచింది ఈ లెక్కే. రాత్రి పది నుంచి పొద్దున ఐదు దాకా బస్సు కదలకూడదు. సత్రంలో హాలు తీసుకుని చాపలేసుకున్నా సరే.

శ్రీశైలం దారిలో మన్ననూరు దగ్గర, మైసూరు–ఊటీ దారిలో బందీపూర్ దగ్గర రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవి గేటు వేసి బండ్లని వదలరు. అక్కడికి ఆలస్యమైతే ఇవతలే ఆగిపోండి. గేటు వేసేలోపు దాటించమని డ్రైవర్ని తొందరపెట్టడం కంటే పిచ్చిపని లేదు.

బస్సు మాట్లాడేటప్పుడు

డ్రైవర్‌కి మామూలుగా రోజుకి ఎనిమిది గంటల పని అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలో ఉండేది. 2025 నవంబర్‌లో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చినా రోజుకి ఎనిమిది గంటలే. వరసగా ఐదు గంటలకి మించి నడపకుండా మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని కూడా ఆ పాత చట్టంలో ఉండేది. ఈ మాట ట్రావెల్స్ ఓనర్‌తో అనండి, మీకు తెలుసని అతనికి తెలియాలి. ఇద్దరు డ్రైవర్లని పంపిస్తామంటే ఇద్దరి హెవీ లైసెన్సులూ వాట్సాప్‌లో పెట్టమనండి. చాలాసార్లు ఆ రెండో మనిషి క్లీనరే. బండి నంబరుతో ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎం పరివాహన్ యాప్‌లో చూసుకోండి.

ప్రతి మజిలీలో డ్రైవర్‌కి ఒక మంచం, ఒక ఫ్యాన్. బత్తాతో సరిపెట్టకండి.

పెద్దవాళ్లు

బస్సు ఆపమని అడగడానికి మొహమాటపడి నీళ్లు తాగడం మానేస్తారు. ఎండాకాలంలో అది కళ్లు తిరిగి పడిపోయేదాకా తెస్తుంది. అడిగినా అడగకపోయినా రెండు గంటలకోసారి పెట్రోల్ బంకు దగ్గర ఆపండి. డ్రైవర్‌కీ టీ అందుతుంది. బీపీ, షుగర్ మాత్రలు డిక్కీలో పడేసిన సూట్‌కేసులో కాదు, చేతిసంచిలో ఉండాలి.

2025 జనవరిలో బృందావనంలో నిర్మల్ జిల్లా యాత్రికుల బస్సు తగలబడితే, అందరూ దిగిపోయాక లోపలే ఉండిపోయిన పెద్దాయన చనిపోయారు. నడవలేరని ఎవర్నీ ఒంటరిగా బస్సులో వదలొద్దు.

ఇంకా

– గ్యాస్ సిలిండర్ ఎక్కించొద్దు. వంటమనిషి అలిగినా సరే. 2023 ఆగస్టులో మదురైలో యాత్రికుల రైలు పెట్టె అంటుకుని తొమ్మిది మంది పోయింది లోపల సిలిండర్ పెట్టుకున్నందుకే.

– ఎమర్జెన్సీ డోర్ బయలుదేరేముందు ఒకసారి తెరిపించి చూడండి. దానికి అడ్డంగా బియ్యం మూటలు పెట్టొద్దు.

– అద్దాలు పగలగొట్టే సుత్తి ఎక్కడుందో పిల్లలకి కూడా చూపించండి. 2025 అక్టోబర్‌లో కర్నూలు దగ్గర బస్సు తగలబడినప్పుడు చాలామంది అద్దాలు పగలగొట్టుకునే బయటపడ్డారు.

– సీట్లకి మించి మనుషులొద్దు. నడవలో స్టూళ్లు వేయొద్దు.

– కేబిన్‌లో పిల్లలొద్దు. కబుర్లు చెప్పడానికి కూర్చునే మావయ్యలూ వద్దు.

– ఘాట్ రోడ్డు మీద పాటలూ డ్యాన్సులూ బంద్.

– డ్రైవర్ ఆవులిస్తే ఆపించండి. కిళ్లీ ఇచ్చి నడిపించకండి.

– "ఇంకో గంటే కదా, ఇంటికెళ్లి పడుకోవచ్చు" అని ఎవరు అన్నా వినొద్దు, తాతగారు అన్నా సరే.

– సోమవారం ఆఫీసుందని గొడవ చేసేవాళ్లని ఆదివారం రైలెక్కించి పంపేయండి. వాళ్లకోసం బస్సు రాత్రి నడపొద్దు.