గుడ్ ఫ్రైడేకి చర్చికి రమ్మన్నారా? మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం

ముందు ఒక్క మాట. "హ్యాపీ గుడ్ ఫ్రైడే" అని మెసేజ్ పెట్టకండి. కొన్నేళ్ల కిందట మా పక్కింటి ఆంటీకి నేను అలాగే పెట్టాను. ఆవిడ కోప్పడలేదు, సాయంత్రం గుమ్మం దగ్గర కనపడి "ఇవాళ మాకు ఇంట్లో మనిషి పోయిన రోజు లాంటిదమ్మా, ఆదివారం చెబుదువులే" అంది. క్యాలెండర్లో శుభ శుక్రవారం అని ఉంటే అదీ క్రిస్మస్ లాంటి పండగే అనుకున్నాను. అది యేసును సిలువ వేసిన రోజు. ఆ మరణం తమ పాపాల కోసమే అని నమ్ముతారు కాబట్టి వాళ్లకది శుభం. పైగా ఇంగ్లీషులో గుడ్ అనే మాటకి ఒకప్పుడు పవిత్రమైన అనే అర్థం కూడా ఉండేది.

తేదీ ఏటా మారుతుంది, మన పండగల్లాగే చంద్రుణ్ణి బట్టి. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారం ఈస్టర్, యేసు తిరిగి లేచాడని చేసుకునే పండగ; దానికి ముందు శుక్రవారం ఇది. ఈస్టర్‌కి ముందు ఆదివారాలు వదిలేసి లెక్కేస్తే 40 రోజుల శ్రమల కాలం, అంటే ఉపవాస ప్రార్థనల రోజులు ఉంటాయి, భస్మ బుధవారంతో మొదలు. వీలైతే శుక్రవారానికి ముందు వచ్చే మట్టల ఆదివారం కూడా ఒకసారి చూడండి, పిల్లలు ఈత మట్టలో కొబ్బరి మట్టలో పట్టుకుని హోసన్నా అంటూ ఊరేగుతారు. ఆ మట్టల్ని దాచి, మరుసటి ఏడు కాల్చి, ఆ బూడిదనే భస్మ బుధవారం నుదుటన పెడతారు కథోలిక చర్చిల్లో.

మిమ్మల్ని పిలిచినవాళ్లది ఏ చర్చో అడగండి, ఇది ముఖ్యం. ఆర్‌సీఎం, అంటే రోమన్ కథోలిక వాళ్లయితే సిలువ మార్గం ఉంటుంది, యేసు సిలువ మోసిన దారిని 14 స్థలాలుగా, ఒక్కో చోట ఆగి ప్రార్థిస్తూ నడుస్తారు. సీఎస్ఐ, లూథరన్, బాప్టిస్టు లాంటి ప్రొటెస్టెంట్ చర్చిల్లో ఎక్కువగా మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఆరాధన, అందులో సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు, ఒక్కో మాట మీద ఒక్కొక్కరు ప్రసంగం చేస్తారు, మధ్యలో పాటలు. ఆ మూడు గంటలే ఎందుకంటే, ఆ సమయంలోనే దేశమంతా చీకటి కమ్మిందని సువార్తల్లో ఉంది.

వెళ్లే ముందు రోజు రాత్రి యోహాను సువార్తలో 18, 19 అధ్యాయాలు చదువుకోండి. అరగంట కూడా పట్టదు. తెలుగు బైబిల్ భాష గ్రాంథికం, మొదట కాస్త కష్టంగా ఉంటుంది, కానీ చదివి వెళ్తే అక్కడ వినే కథ ఎక్కడిదో తెలుస్తుంది. ఆ ఏడింట్లో ఐదో మాట "దప్పిగొనుచున్నాను", అంటే దాహంగా ఉందని. నేను మొదటిసారి వెళ్లిన రోజు ఆ మాట మీద ఒక పెద్దాయన చెబుతున్నారు, ఏప్రిల్ ఎండ, ఫ్యాన్ గాలి కూడా వేడిగా కొడుతోంది, పక్కన తెల్ల చీరలో ఆంటీ, పొద్దున్నుంచి ఉపవాసం, పెదాలు ఎండిపోయాయి, సంచిలో నీళ్ల సీసా మూత తీయకుండా అలాగే ఉంది. నాకు ఆ రోజు అర్థమైంది అక్కడే.

బట్టల గురించి టెన్షన్ పడక్కర్లేదు, తెల్లవి గానీ సాదావి గానీ చాలు, నగలు తగ్గించండి. చెప్పులు బయట విడవాలా, ఆడవాళ్లు మగవాళ్లు విడిగా కూర్చుంటారా అనేది చర్చిని బట్టి ఉంటుంది, ముందు వెళ్లేవాళ్లని చూసి చేయండి. కానుక సంచి వస్తే వేయాలనిపిస్తే వేయండి, లేకపోతే పక్కవాళ్లకి అందించండి.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. కథోలిక చర్చిలో ఫాదర్ తెల్లటి చిన్న అప్పం ఇస్తుంటారు, దాన్ని సత్ప్రసాదం అంటారు. ప్రసాదం అన్న మాట వినగానే మనకి చెయ్యి చాపాలనిపిస్తుంది, గుడి అలవాటు. కానీ అది వాళ్లకి క్రీస్తు శరీరం, ఆ చర్చిలో చేరి, దానికి సిద్ధపడినవాళ్లే తీసుకుంటారు. కదలకుండా కూర్చోండి, ఎవరూ తప్పు పట్టరు. ఆ రోజు పూజాబలి (మాస్) ఉండదు కూడా, ముందు రోజు గురువారం సిద్ధం చేసి ఉంచిన అప్పమే పంచుతారు.

అయిపోయాక అడగాలనుకున్నవి అడగండి, కానీ "మరి మీ దేవుడు ఎందుకు తప్పించుకోలేదు" లాంటి వాదన అప్పుడే ఎత్తకండి, చావింట్లో అడగని ప్రశ్న ఇక్కడా అడగకూడదు. "మీ చిన్నప్పుడు ఈ రోజు ఎలా ఉండేది" అని అడిగి చూడండి, ఎంత చెబుతారో.

ఆదివారం తెల్లవారుజామున మళ్లీ రమ్మంటే నిద్ర మానుకునైనా వెళ్లండి. మా ఊళ్లో ముందు సమాధుల తోటకి వెళ్తారు. ఆంటీ వాళ్ల అమ్మగారి సమాధికి ముందే సున్నం వేయించి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తి ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. తూర్పున తెల్లారుతుండగా పాట అందుకున్నారు. అప్పుడు నా వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పమ్మా" అంది.