ప్లేఫెయిర్ డిస్‌ప్లేలో అంకెలు ఎగుడుదిగుడుగా వస్తున్నాయా?

ఆహ్వాన పత్రికల మీద ఇంగ్లీషు పేర్లకు ప్లేఫెయిర్ డిస్‌ప్లే ఎంతో హుందాగా ఉంటుంది. డెన్మార్క్ డిజైనర్ క్లాస్ ఎగ్గర్స్ సోరెన్సెన్ రూపొందించిన ఈ ఉచిత ఫాంటులో 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌కు చెందిన జాన్ బాస్కర్‌విల్ రూపొందించిన అచ్చు అక్షరాల ఛాయ కనిపిస్తుంది. మందపు గీత పక్కనే వెంట్రుకంత సన్నని గీత. దాని అందమంతా అక్కడే ఉంది.

తేదీ, ఫోన్ నంబరు మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. ఇందులో మామూలుగా వచ్చేవి పాతకాలపు అంకెలు: 3, 4, 5, 7, 9 అక్షరాలు కూర్చునే గీత కంటే కిందికి దిగుతాయి, 6, 8 పైకి లేస్తాయి, 0, 1, 2 పొట్టిగా ఉంటాయి. వాక్యం మధ్యలో అవి ముచ్చటగానే ఉంటాయి కానీ, పది అంకెల నంబరులో కుదురుగా కనిపించవు. వర్డ్‌లో ఫాంట్ పెట్టె తెరిచి, అడ్వాన్స్‌డ్‌లో నంబర్ ఫామ్స్ దగ్గర లైనింగ్ ఎంచుకోండి. అంకెలన్నీ ఒకే ఎత్తుకు వస్తాయి.

చిరునామా లాంటి చిన్న అక్షరాలకు ఈ ఫాంటు వద్దు. ముదురు రంగు మీద తెల్లగా అచ్చు వేస్తే సిరా పాకి సన్నగీతలు పూడుకుపోతాయి. అక్కడ జార్జియా ఫాంటు వాడండి, రెండూ చక్కగా కలుస్తాయి. ప్లేఫెయిర్ డిస్‌ప్లేలో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి తెలుగు భాగానికి వేరే ఫాంటు మీరే ఎంచుకోవాలి.