సొంత తూటా పాఠాలు – 4: ఖాళీ కేసును చదవడం

పోయిన పాఠంలో మందు తూకం చూశాం. కాల్చాక మిగిలిన ఖాళీ కేసును (తూటా ఇత్తడి గొట్టాన్ని) బట్టి లోపల ప్రెషర్ ఎంత లేచిందో పసిగట్టడం ఈ వారం పని. ముందే చెబుతున్నా, మన దగ్గర లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. అమెరికా వెళ్లి అక్కడి రేంజిల్లో చేరిన గుంటూరు, బెజవాడ పిల్లల కోసమే ఈ పాఠాలు.

డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య కొడుకు వాట్సాప్‌లో ఫొటో పంపాడు. “బాబాయ్, ప్రైమర్ చదునైపోయింది. ప్రెషర్ ఎక్కువైనట్టేనా?”

ప్రైమర్ అంటే కేసు అడుగున మధ్యలో ఉండి మందును అంటించే చిన్న భాగం. అందరూ ముందు దాన్నే చూస్తారు. నాకైతే దాని సాక్ష్యం మీద పెద్ద నమ్మకం లేదు. ప్రైమర్ లోహపు కప్పు మెత్తనిదైతే మామూలు ప్రెషర్‌కే చదునవుతుంది. ఛాంబర్‌లో (తుపాకీలో తూటా కూర్చునే గదిలో) కేసుకు వదులు ఎక్కువున్నా ప్రైమర్ వెనక్కి జరిగి, మళ్లీ లోపలికి నొక్కుకుని అలాగే నలుగుతుంది. ప్రైమర్‌ను కొట్టే పిన్ను చేసిన గుంట చుట్టూ గట్టు లేచిందంటారా? పిన్ను వచ్చే రంధ్రం వదులైనా లేస్తుంది.

కేసు అడుగు చూడండి. కంపెనీ పేరు చెక్కిన చోటును కిటికీ వెలుగులో మెల్లగా తిప్పితే, అక్షరాల మీదుగా చిన్న గుండ్రటి మెరుపు కనిపించవచ్చు. గోరుతో రాస్తే అంచు తగులుతుంది. తూటా వెనుక మూసే బోల్టు ముఖంలో, ఖాళీ కేసును బయటకు నెట్టే ఎజెక్టర్ ఉండే రంధ్రంలోకి ఇత్తడి పొంగిన గుర్తు అది. దానికి తోడు బోల్టు పిడి లేపేటప్పుడు బిగుసుకుంటే ఇక అనుమానం అక్కర్లేదు. మిగిలినవి కాల్చి అవగొట్టేద్దాం అనుకోవద్దు. బుల్లెట్లు పీకేసి, తూటాల తయారీ మాన్యువల్‌లోని ప్రారంభ మందు తూకం నుంచి మళ్లీ రండి. ఛాంబర్‌లో నూనె, తడి లేకుండా చూసుకోండి.

ఎండ సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మే నెల గుంటూరులో కారు డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టగలమా? టెక్సస్ వేసవిలోనూ అంతే. చలికాలంలో సాఫీగా పేలిన లోడే (మందు, బుల్లెట్ల కూర్పే) వేడెక్కిన తూటాలో బోల్టును పట్టేయగలదు. డబ్బాను నీడలో ఉంచండి.

అసలు చిక్కు వేరే ఉంది. 308 వించెస్టర్ అనే రైఫిల్ తూటాకు అమెరికా ప్రమాణాల ప్రెషర్ హద్దు 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). చాలాసార్లు ఆ హద్దు దాటి పోయాకే గుర్తులు బయటపడతాయి. అంటే కేసు శుభ్రంగా ఉన్నంత మాత్రాన లోడు క్షేమమని కాదు. గుర్తు కనిపించేదాకా మందు పెంచుకుంటూ పోయేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటే వాడండి. అదే పొడవు బారెల్‌కు మాన్యువల్ చెప్పిన వేగాన్ని మించితే, ఆ అదనపు వేగం ప్రెషర్ వల్ల వచ్చిందనే అనుకోవాలి.

అభ్యాసం: మీ రైఫిల్‌లోనే కంపెనీ తూటాలు కొన్ని కాల్చి, ఆ కేసులు పక్కన దాచండి. మీ లోడు కేసులను వాటితోనే పోల్చండి, ఇంటర్నెట్ ఫొటోలతో కాదు.

వచ్చే పాఠం: కేసు అడుగుకు కాస్త పైన కనిపించే మెరిసే గీత. దానికి కారణం సాధారణంగా ప్రెషర్ కాదు, ఇత్తడి సాగి పలచబడటం.