ద్రాక్ష కోతకు ముందు: ట్యాంకులో పడినవాడి కోసం లోపలికి దిగకండి

2021 అక్టోబరులో ఇటలీ దక్షిణాన, కలాబ్రియా ప్రాంతంలోని పావోలా దగ్గర నలుగురు చనిపోయారు. వాళ్లది కంపెనీ కాదు, ఇంటి దగ్గర వైన్ చేసుకుంటున్నారు. పులుస్తున్న ద్రాక్షరసం నుంచి వచ్చిన గ్యాస్ వాళ్లను చంపింది. ఒకరిని కాపాడబోయి మరొకరు పోయారని అప్పట్లో వార్తల్లో వచ్చింది. కోత కాలంలో ఇలాంటి వార్తలు మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. ఊరు మారుతుంది, చనిపోయిన తీరు మాత్రం మారదు.

చిన్న వైనరీలకు పండు ఇచ్చే రైతుల కోసం ఇది రాస్తున్నాను. పెద్ద వైనరీ అయితే తూకం వేయించుకుని వెళ్లిపోతారు. చిన్న చోట అలా కుదరదు. క్రేట్లు దించినవాళ్లే తొడిమలు తీసే యంత్రం దగ్గర నిలబడతారు, మనిషి చాలకపోతే ట్యాంకు ఖాళీ చేయడానికీ వాళ్లనే పిలుస్తారు. తోట పనిలో ఆరితేరిన మనిషికి ట్యాంకు సంగతి తెలియకపోవచ్చు. ప్రమాదం అక్కడే ఉంది.

తోటలో

టోపీ, నీళ్లు, నీడ గురించి మీకు చెప్పక్కర్లేదు. కొత్తగా వచ్చిన కూలీల గురించి మాత్రం చెప్పాలి. 2023 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో తీవ్రమైన ఎండల మధ్య కోతకు వచ్చిన కూలీలు కొందరు చనిపోయారు. వడదెబ్బ చావుల్లో చాలావరకు పనిలో చేరిన మొదటి కొద్ది రోజుల్లోనే జరుగుతాయి, ఒంటికి ఆ వేడి ఇంకా అలవాటు కాదు కాబట్టి. కొత్తవాళ్లకు మొదటి రోజే పూర్తి పని అప్పగించకండి. గుత్తుల లెక్కన కూలి ఇస్తుంటే ఇంకా జాగ్రత్త, డబ్బు పోతుందని వాళ్లంతట వాళ్లు ఆగరు.

మందుల విషయం. కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద ఉంటుంది. అది చట్టం పెట్టిన గడువు, వైన్‌కు అది చాలకపోవచ్చు. గంధకం పొడి తొక్క మీద మిగిలితే, రసాన్ని పులియబెట్టే ఈస్ట్ దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది, కుళ్లిన గుడ్ల వాసనతో ట్యాంకంతా పోతుంది. కోతకు ఐదు వారాల ముందే గంధకం ఆపడం మంచిది. తెగులు మందులు కొన్ని ఈస్ట్‌నే కుంటుపరుస్తాయి. ఏ తేదీన, ఏ బ్లాకులో, ఏ మందు, ఎంత కొట్టారో కాగితం మీద రాసి కోతకు ముందే వైనరీకి ఇవ్వండి.

దారిలో

వాలు మీద లోడుతో దిగేటప్పుడు గేరు పైనే తగ్గించుకోండి, మధ్యలో మార్చకండి. ట్రాక్టరుకు బోల్తా పడితే కాపాడే రక్షణ చట్రం ఉంటే సీటు బెల్టు పెట్టుకోండి. ట్రైలర్ మీద మనుషులు వద్దు.

ట్యాంకు దగ్గర

ఇక్కడ నెమ్మదిగా చదవండి. లీటరు ద్రాక్షరసం పూర్తిగా పులిస్తే 50 లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే వెయ్యి లీటర్ల చిన్న ట్యాంకు ఒక్కటే కొద్ది రోజుల్లో ఒక గది నిండేంత గ్యాస్ వదులుతుంది. అది గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. పైకి తేలిపోదు. ట్యాంకు అడుగున, షెడ్డు నేల మీద, గుంతల్లో, కాలువల్లో పేరుకుంటుంది. కంటికి కనిపించదు, రసం వాసన మధ్య ముక్కుకు తెలియదు.

రసం పులుస్తున్నప్పుడు అందరూ కాస్త భయంగానే ఉంటారు. అసలు ముప్పు ఆ తర్వాత. ఎర్ర వైన్‌ను తీసేశాక ట్యాంకు అడుగున తొక్కలు, గింజలు మిగులుతాయి. వైన్ పోయింది కదా, ట్యాంకు ఖాళీ అయింది కదా అనుకుని పార పట్టుకుని దిగుతారు. ఆ పిప్పి ఇంకా పులుస్తూనే ఉంటుంది.

గాలిలో ఈ గ్యాస్ 4 శాతానికి చేరితే చాలు, ప్రాణాపాయం కింద లెక్క. 10 శాతం దాటితే నిమిషాల్లో, ఒక్కోసారి అంతకంటే త్వరగా స్పృహ పోతుంది. తల తిరుగుతోంది, పైకి ఎక్కేద్దాం అనుకునేసరికి కాళ్లు చేతులు మాట వినవు. అందుకే లోపల పడినవాడు సాధారణంగా కేక కూడా వేయడు.

పైన ఉన్నవాడు చూస్తాడు. తమ్ముడు పడి ఉన్నాడు, నిచ్చెన అక్కడే ఉంది, నాలుగే మెట్లు. ఊపిరి బిగబట్టి దిగి లాక్కొచ్చేద్దాం అనుకుంటాడు. స్పృహలేని మనిషిని ఎత్తడానికి బలం కావాలి, బలం పెడితే ఊపిరి పీల్చక తప్పదు. అంతే, రెండో మనిషి. అతని కోసం మూడో మనిషి. అమెరికాలో వృత్తి భద్రత మీద పనిచేసే నియోష్ సంస్థ 1986లోనే చెప్పింది: ఇలాంటి మూసి ఉన్న చోట్ల చనిపోయేవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లే. ప్రేమ ఉన్నవాళ్లే దిగుతారు. కుటుంబమంతా కలిసి పనిచేసే చోట ఒకే పూట ఇద్దరు ముగ్గురు పోవడానికి కారణం ఇదే. పడినవాడి కోసం దిగకండి. అతను మీ కొడుకైనా దిగకండి.

మందు కొట్టేటప్పుడు పెట్టుకునే మాస్కు మీ దగ్గర ఉంటుంది. దాన్ని నమ్మి దిగినా చస్తారు. ఆ ఫిల్టరు పురుగుమందు ఆవిరిని ఆపుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ను ఆపలేదు, లేని ఆక్సిజన్‌ను తెచ్చి ఇవ్వలేదు. కొవ్వొత్తి వెలిగించి ట్యాంకులోకి దించి చూసే పరీక్ష ఇంకా కొందరు పెద్దవాళ్లు చేస్తుంటారు. మంట ఆరకముందే మనిషి పడిపోయేంత గ్యాస్ ఉండవచ్చు, కాబట్టి దీపం వెలుగుతోందంటే లోపల క్షేమమని అర్థం కాదు.

ఆక్సిజన్ మీటరు ఒక్కటే ఉన్నా చాలదు. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. కార్బన్ డయాక్సైడ్ 4 శాతం కలిసినా ఆక్సిజన్ 20 దగ్గరే చూపిస్తుంది. ఆ మీటర్లు సాధారణంగా 19.5 కంటే తగ్గితేనే మోగుతాయి. కార్బన్ డయాక్సైడ్‌ను విడిగా కొలిచేది ఉండాలి. వైనరీవాళ్లను మొహమాటం లేకుండా అడగండి. లేదంటే ఆ పని మీది కాదని చెప్పి వచ్చేయండి, వచ్చే ఏడాది మీ పండు కొనరేమోనన్న టెన్షన్ ఉన్నా సరే.

ఇక వరసగా చెప్పేస్తాను:

- పిప్పిని కింది తలుపు తెరిచి, బయట నిలబడి, పొడవు పిడి పారతో లాగండి. ఆ తలుపు దగ్గర వంగి ముఖం పెట్టకండి, గ్యాస్ అక్కడి నుంచే బయటికి వస్తుంది.
- దిగక తప్పదంటే గాలి ఊదే బ్లోయర్ గొట్టం అడుగు దాకా వెళ్లాలి. పైన ఫ్యాను పెడితే అడుగున ఉన్నది కదలదు.
- మీటరును తాడుతో అడుగు వరకు దించి చూడండి. లోపల మనిషి ఉన్నంతసేపూ చూస్తూనే ఉండండి. పిప్పిని కదిపితే గ్యాస్ మళ్లీ లేస్తుంది.
- దిగేవాడి ఒంటికి బెల్టు, బెల్టుకు తాడు, తాడు బయట ఉన్న కప్పీకి. పడ్డాక కట్టడం కుదరదు, ముందే కట్టాలి.
- బయట కాపలా మనిషి ఒకడు. అతనికి వేరే పని చెప్పకండి. ఫోను చేతిలో ఉండాలి. అతను ఎట్టి పరిస్థితిలోనూ దిగడు.
- తెరిచి ఉన్న తొట్టిలో తేలిన తొక్కల్ని కిందికి నొక్కేటప్పుడు ఒంటరిగా వద్దు. లోపలికి తల వంచకండి. వాసన చూడటానికి కూడా.
- షెడ్డు తలుపులు రాత్రి మూసేస్తే పొద్దున తెరిచి, గాలి ఆడాకే లోపలికి.
- పిల్లల్ని షెడ్డు దగ్గరికి రానివ్వకండి. వాళ్ల ముక్కు నేలకు దగ్గర, గ్యాసూ అక్కడే.
- తాగి ట్యాంకు దగ్గరికి రావద్దు.
- ఎవరైనా పడితే: అరవండి, ఫైర్ సర్వీసుకు ఫోన్ చేయండి, గ్యాస్ అని చెప్పండి, బ్లోయర్ ఆన్ చేయండి, కింది తలుపు తెరవండి, తాడు ఉంటే లాగండి.
- దిగకండి.
- మిగతావాళ్లను పట్టుకుని ఆపండి. అన్న అయినా, తండ్రి అయినా, ఏడ్చినా, తిట్టినా, వదలకండి.
- ఈ మాట కోత మొదలవక ముందే ఇంట్లో అందరికీ చెప్పండి. పడిన తర్వాత చెబితే ఎవరూ వినరు.